బడి మారినవాళ్ళు

పెద్ద మేడం గది బయట వేసిన బెంచీకి ఒక కాలు పొట్టి. కదిలినప్పుడల్లా అది టక్కుమంటుంది, లోపల ఫోన్లో మాట్లాడుతున్న గొంతు ఒక్క క్షణం ఆగుతుంది, మళ్ళీ సాగుతుంది. అందుకని ఆమె కదలకుండా కూర్చుంది. భోజనాల వేళ అయిపోయి పిల్లలంతా తరగతుల్లోకి వెళ్ళిపోయారు, వరండా పొడవునా అప్పుడే తుడిచిన ఫినాయిల్ తడి, ఆ తడిలో ఎవరో తొందరపడి నడిచిన చెప్పుల గుర్తులు, ఎదురుగోడ మీద పిల్లలు వేసిన బొమ్మ. అరచెయ్యి ముందుకు చాపి నిలబడ్డ అమ్మాయి, ఆ చేతికి ఆరు వేళ్ళు. రెండేళ్ళుగా ఆ బొమ్మ ముందునుంచే నడుస్తోంది, ఆరో వేలు ఈరోజే కనిపించింది. ఇన్నాళ్ళూ చూడనివి ఇంకెన్ని ఉన్నాయో అనుకుంది, ఆమె పనే చూడటం. పాఠం చెప్పేది వేరే టీచరమ్మ. చదువు నడుస్తుండగానే ఆడపిల్లలు తల్లులైపోకుండా ఈ బడిలో పెట్టిన కార్యక్రమం పనిచేస్తోందో లేదో తేల్చి చెప్పడానికి ఈమెను పెట్టారు. మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడుగుతుంది, అందుకే పిల్లలు ప్రశ్నల మేడం అని పేరు పెట్టారు, ఇంట్లో మొగుడు కూడా ఆ పేరుతోనే ఏడిపిస్తాడు, కూర ఎలా ఉందని అడిగితే ఒకటి నుంచి అయిదులోపు ఏ అంకె చెప్పమంటావంటాడు. తేలింది కూడా బాగానే తేలింది. ఇదివరకు ఏటా కొందరు పిల్లలు కడుపుతో బడి మానేసేవాళ్ళు, ఈ ఏడు ఒక్కరూ లేరు. సున్నా. ఆ సున్నా చూసి పైవాళ్ళు మురిసిపోయారు, ఇంకాసేపట్లో వాళ్ళంతా వచ్చి సమావేశం గదిలో కూర్చుంటారు, ఆమె లేచి ఆ సున్నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంది, వచ్చే ఏటి నుంచి అన్ని బళ్ళలోనూ ఇదే పాఠం. అంతకుముందు ఒక పిల్లను చూడాలి. వచ్చీరాగానే అడిగింది. పిలిపిస్తాను, కూర్చోండి అన్నారు పెద్ద మేడం, అని తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఆ పిల్లను నర్సమ్మ పిచ్చుక అంటుంది. ఒకచోట వాలదు, నోరు మూయదు, అందుకని. ఇందాక గేటు దగ్గర నర్సమ్మ ఎదురై, పలకరింపుగా నవ్వబోయి నవ్వలేక, "మీ పిచ్చుక వాలిపోయిందమ్మా" అంది. రోజూ పొద్దున్నే తన గదికొచ్చి మంచం మీద పడుకుంటోందట, కడుపులో తిప్పుతోందంటోందట, ఏం తిన్నావే అంటే గోడవైపు తిరుగుతోందట. "పెద్ద మేడం చెవిన వేశాను. చూద్దాంలే అన్నారు" అని ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, "చూద్దాంలే అంటే ఈ బడిలో ఏమిటో మీకు తెలీదు" అంది, అని చరచరా వెళ్ళిపోయింది. ఏమిటో అడగాల్సింది. ప్రశ్నల మేడం అని పేరేగానీ అడగాల్సిన చోట నోట మాట రాలేదు. ఇప్పుడు వరండా చివర ఆ గది తలుపు సగం తెరిచి ఉంది, సగం తెరిచిన తలుపులోంచి తెల్లటి మంచం కోడు కనిపిస్తోంది, మంచం మీద ఎవరైనా ఉన్నారో లేదో కనిపించడం లేదు.

బెంచీ టక్కుమంది. ఈసారి కదిలింది ఆమె కాదు. "ఏమీ అనుకోకండి, వేరే చోటు లేదు" అంటూ ఒకతను రెండో చివర కూర్చున్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఒళ్ళో హెల్మెట్, అందులో చక్కగా మడిచి పెట్టిన చేతిరుమాలు, సబ్బు వాసన. కూర్చోగానే బెంచీ కాలు పొట్టిదని కనిపెట్టాడు, జేబులోంచి ఏదో కాగితం ముక్క తీసి నాలుగు మడతలు పెట్టి వంగి కాలి కింద దూర్చాడు. "ఇక చప్పుడు కాదు" అన్నాడు. రెండేళ్ళలో ఎవరికీ తోచని పని. ఆమె థాంక్స్ అంది, మనసారానే అంది, అతను పర్వాలేదన్నట్టు తలాడించాడు. కాస్త దూరంలోని తరగతిలో పిల్లలు ఏదో కలిసి చదువుతున్నారు, మాటలు తెలియడం లేదు, గొంతుల ఎత్తుపల్లాలు మాత్రం వస్తున్నాయి, ఆ ఎత్తుపల్లాల్లో ఆమెకు మరో తరగతి గుర్తొచ్చింది, వద్దని చెప్పడం ఎలాగో నేర్పే తరగతి. నిటారుగా నిలబడాలి, కళ్ళలోకి చూడాలి, గొంతు వణకకూడదు, ఒక్క మాటే చెప్పాలి, చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వకూడదు. ఒకమ్మాయి అబ్బాయి వేషం వెయ్యాలి, ఇంకొకమ్మాయి వద్దనాలి. పిచ్చుక అయితే క్లాసంతా పడి పడి నవ్వేది. "ఒకసారి చెప్తే వినపడలేదా బాబూ, చెవుల్లో దూదేమైనా పెట్టుకున్నావా" అని నడుం మీద చెయ్యేసుకుని అడిగేది, అబ్బాయి వేషం వేసిన పిల్ల నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తేది. సంజాయిషీ వద్దన్నానుగానీ ఎదుటివాడిని తిట్టమనలేదే అని టీచరమ్మ అనేది, ఆవిడా నవ్వేది. వెనక బెంచీలో కూర్చున్న ఆమె కూడా నవ్వి, చాలా బాగా నేర్చుకుంటున్నారని రాసుకుంది.

ఫినాయిల్ వాసన వస్తే నువ్వు పుట్టిన రోజే గుర్తొస్తుందే అనేది అమ్మ. ఆస్పత్రి నేలంతా అదే వాసనట, పక్క మంచం మీది ఆవిడ, నువ్వు పురిటికొచ్చావా తోడుకొచ్చావా అని అడిగిందట, పదహారు నిండీ నిండని పిల్లను చూసి. ఆ మాట చెప్పి అమ్మ ఎప్పుడూ నవ్వేది, నవ్వు చివర ఏదో తెగిపోయినట్టుండేది. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు పని ఏమిటో విడమరిచి చెబితే అమ్మ బట్టలు మడతపెడుతూ విని, "అయితే నేను నీ లెక్కలో తప్పు అన్నమాట" అంది. "నువ్వు కాదమ్మా, నేను" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆఫీసులో అదే మాట సరదాకి చెబితే ఒక్కరూ నవ్వలేదు. తర్వాతెప్పుడో, పోవడానికి ముందు రోజుల్లో, అడక్కుండానే అమ్మ అంది, "వద్దనడం తెలియక కాదే. ఎవరితో అనాలో తెలియలేదు." ఆ మాట అప్పుడు అర్థమయిందనుకుంది. అర్థం కాలేదని పోయిన వారం తెలిసింది.

పోయిన వారం చివరి విడత ప్రశ్నలు. ఆటసామాను గదిలో, గాలి తగ్గిన బంతుల మధ్య, కిటికీ పక్క కుర్చీ వేసుకుని. ప్రతి పిల్లకీ ముందుగా ఒక మాట చెప్పాలి, నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను, నీకు ఆపద ఉందనిపిస్తే తప్ప. మొదటి సగం నిదానంగా చెబుతుంది, రెండో సగం గబగబా అనేస్తుంది, అవసరం పడని మాట కదా అని. పిచ్చుక వచ్చి కూర్చుంది. ముఖం సన్నబడింది, కళ్ళ కింద నలుపు. ప్రశ్నలకు అన్నీ సరైన జవాబులే. ఇష్టం లేనప్పుడు వద్దని చెప్పగలనన్న నమ్మకం ఎంత, కొంచెమా, కొంతా, చాలానా. "చాలా" అంది. రాసుకుని తర్వాతి ప్రశ్న అడగబోతుంటే ఆ పిల్ల ఒక బంతిని ఒళ్ళోకి తీసుకుని దాని కుట్టు మీద గోరుతో గీస్తూ, "చెప్పాను మేడం" అంది. "నిటారుగా నిలబడే చెప్పాను. కళ్ళలోకి చూశాను. గొంతు కూడా వణకలేదు. ఆయన నవ్వాడు." ఆమె కలం ఆగిపోయింది. "నవ్వి, ఎంత బాగా చెప్పావో మళ్ళీ చెప్పు అన్నాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో మీరు నేర్పలేదు." ఎవరమ్మా, ఎవరు ఆయన. ఆ పిల్ల తలుపు వైపు చూసింది. గంట కొట్టారు. "అక్కకి తెలిస్తే బతకదు" అని లేచింది, బంతిని జాగ్రత్తగా మిగతా బంతుల మధ్య పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన. వారం రోజులుగా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది ఆమె బుర్ర, బస్సులో, వంటింట్లో, కూతురి జడ వేస్తూ. ఈడు పిల్లాడైతే వాడు అనేది. పక్క తరగతి అబ్బాయినీ, వీధి చివర బండి మీద కూర్చునే కుర్రాళ్ళనీ ఏ పిల్లా ఆయన అనదు. అంత పని చేసినవాడి గురించి చెబుతున్నప్పుడు కూడా మర్యాద తప్పలేకపోయిందంటే ఆ మర్యాద రోజూ ఇవ్వాల్సినదై ఉండాలి, ఇంట్లో, కంచం ముందు, సంతకం కోసం. ఆ సాయంత్రమే వెళ్ళి పెద్ద మేడంకి చెప్పింది. చెప్పక తప్పదు, చెప్పడమే నియమం, చెబితే ఎవరో ఒకరు ఆ పిల్లకు అడ్డం నిలబడతారు కదా. పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మంచిపని చేశారు, ఇక నేను చూసుకుంటాను, మీరు నివేదిక పని చూడండి అన్నారు. వాడు అనలేదండీ, ఆయన అంది అని ఆమె మళ్ళీ చెప్పింది. "మర్యాదగా మాట్లాడమని మనమేగా నేర్పేది" అన్నారు పెద్ద మేడం, అని గుమాస్తాను పిలిచి టీ చెప్పారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. భారం దింపుకున్నాననుకుంది. దించిన భారం ఎవరి నెత్తిన పడిందో అప్పుడు ఆలోచించలేదు.

"మీరు ఇక్కడ టీచరా అండీ" అన్నాడు పక్కనున్నతను. కాదంది, పాఠాలు ఎలా నడుస్తున్నాయో చూసి చెప్పే పని అంది. అతని ముఖం విప్పారింది. "ఓ, ఆ పాఠాలా. మా ఇంట్లో అమ్మాయి కూడా చదువుతోందండీ. నేర్పిందల్లా ఇంటికొచ్చి చేసి చూపించేది. ఇలా నిలబడాలి, ఇలా చూడాలి అని." కూర్చున్నచోటే నిటారుగా అయి చూపించాడు. "మేం తెగ నవ్వుకునేవాళ్ళం." ఆమె కూడా మర్యాదకు నవ్వింది. మంచివాడనుకుంది, ఇంట్లో పిల్ల చదువు పట్టించుకునే మగవాళ్ళు ఎంతమంది అనుకుంది. పిల్లలున్నారా అని అడిగాడు. ఒక కూతురంది. ఏ బడి అన్నాడు, చెప్పింది, ఎన్నింటికి వదులుతారన్నాడు, అదీ చెప్పింది, ఆ రోడ్డు మంచిది కాదు, సాయంత్రాలు ఒంటరిగా పంపకండి అని జాగ్రత్త చెప్పాడు. వరండాలో గాలి లేదు. గోడ మీది బొమ్మలో అమ్మాయి చెయ్యి చాపే ఉంది. మీరు దేనికొచ్చారని ఈమె అడిగింది, అడగకపోతే బాగుండదని. "టీసీ కోసమండీ. మా మరదలిది. మా ఆవిడ చెల్లెలు, మామగారు పోయాక మా దగ్గరే పెరిగింది, అన్నిటికీ నేనే సంతకం. వరసకు మరదలే గానీ నాకు కూతురనుకోండి. దూరంగా మా పిన్ని ఉంది, అక్కడి బళ్ళో వేద్దామని." హెల్మెట్‌లో రుమాలు తీసి మెడ ఒత్తుకున్నాడు. "పెద్ద మేడమే పిలిపించారు. ఈ బడిలో ఎవరో మా అమ్మాయి గురించి ఏదో అన్నారట. ఎవరో ఏమిటో చెప్పలేదు లెండి. ఆడపిల్ల కదా, పేరు పాడవకముందే మార్చెయ్యడం మంచిదని." అని ఆమె వైపు చూశాడు. ఊరికే చూశాడు. చూపులో ఏమీ లేదు, ఆ ఏమీ లేకపోవడం ఆమె ముఖమ్మీద అలాగే ఉండిపోయింది.

లేవాలనుకుంది, లేవలేదు. బావ. అదీ మాట. ఆ పిల్ల బావ అనకుండా ఆయన అన్నది అందుకు. బావ అంటే ఎవరైనా ముందు నవ్వుతారు. తన చిన్నప్పుడు ఒక బావ ఎప్పుడొచ్చినా జడ పట్టుకుని లాగేవాడు, నొప్పెట్టి కళ్ళనీళ్ళొస్తే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు, బావ కాకపోతే ఇంకెవరు ఏడిపిస్తారే అనేవాళ్ళు, కళ్ళనీళ్ళతోనే తనూ నవ్వేది. ఆ నవ్వు ఎంత మందంగా ఉంటుందంటే దాని కిందినుంచి ఏ కేకా పైకి రాదు. ఆ పిల్లకది తెలుసు. అందుకే నవ్వు తగలని మాట వెతుక్కుని వెతుక్కుని తెచ్చి, ఆటసామాను గదిలో ఈమె చేతిలో పెట్టింది. ఈమె తీసుకెళ్ళి పెద్ద మేడం చేతిలో పెట్టింది. పెద్ద మేడం ఇంటివాళ్ళకు ఫోను చేశారు. ఇంటివాళ్ళంటే సంతకం పెట్టేవాడు. ఒక్క వారంలో ఆ మాట తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే చేరి, ఇప్పుడు సబ్బు వాసనతో పక్కన కూర్చుని రుమాలు మడుచుకుంటోంది. లోపల గుమాస్తా ఏదో టైపు కొడుతున్న చప్పుడు. టీసీ. బడి మారింది. ఆ రెండు మాటలూ ఎక్కడో చూసింది, ఒకసారి కాదు, చాలాసార్లు. నడి విడతకు పిలిస్తే కొందరు రాలేదు. కిటికీ పక్క కూర్చునే పొడుగుపిల్ల రాలేదు, ఏమైందంటే బడి మారిందన్నారు. ఈ కలం నేనుంచుకోనా మేడం అని అడిగి తీసుకున్న పిల్ల రాలేదు, ఆ పిల్లా బడి మారింది. మారినవాళ్ళను లెక్కలోకి తీసుకోకూడదు, అది పద్ధతి, ఏ పుస్తకం చూసినా అదే ఉంటుంది, ఆ పద్ధతి ప్రకారం ఆమె చేత్తోనే వాళ్ళను పక్కకు తీసింది. ఏ బడికి మారారని ఆమె అడగలేదు. వీళ్ళ చదువు వివరాలు పంపండని ఏ కొత్త బడీ ఈ బడిని అడిగినట్టు లేదు. చూద్దాంలే అంటే ఏమిటో నర్సమ్మ చెప్పకుండానే తెలిసింది. కడుపులో తిప్పుతున్న పిల్ల రేపటికి ఈ బడి పిల్ల కాదు. సున్నా సున్నాగానే ఉంటుంది. అన్ని బళ్ళకూ వెళుతుంది.

వరండా మలుపులో ఆయా వచ్చింది, వెనక పిచ్చుక. భుజానికి సంచి, చేతిలో ఇంకో సంచి, బడిలో తనదంటూ ఉన్నదల్లా అందులో కుక్కినట్టుంది. ఆ పిల్ల తలెత్తి చూసింది. బెంచీ మీద ఆయన, పక్కన ప్రశ్నల మేడం. ఇద్దరి ముఖాలూ చూసింది, మళ్ళీ ఇద్దరి ముఖాలూ చూసింది. ఏదో తేల్చుకున్నట్టు ఆమె మీదినుంచి కళ్ళు తిప్పుకుంది. అంత చిన్న ముఖంలో అంత పెద్ద నిరాశ చప్పుడు లేకుండా దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. "రా అమ్మా, అక్క ఎదురుచూస్తోంది" అని అతను లేచాడు. పిల్ల అతని వైపు నడిచింది. లాగినట్టు కాదు, అలవాటైనట్టు నడిచింది. ఆమె లేచి మధ్యలోకి వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఈ అమ్మాయితో నాకు పని మిగిలిపోయింది."

"ఇక ఈ బడి కాదుగా మేడం" అన్నాడతను, నవ్వుతూనే.

"సంతకం అయిందా?"

"ఇప్పుడు అవుతుంది. లోపల టైపు చేస్తున్నారు."

"అయితే ఇంకా ఈ బడి పిల్లే" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చెయ్యి చన్నీళ్ళలో నానినట్టుంది. పరిగెత్తలేదు, పరిగెత్తితే అతనూ పరిగెత్తుతాడనిపించింది. తడి నేల మీద తమ అడుగులు, వెనక అతనివి, తొందరలేని అడుగులు, ఈమె ఆగితే అవీ ఆగేట్టున్నాయి. నర్సమ్మ తలుపులోనే నిలబడి ఉంది. ఇద్దర్నీ లోపలికి లాగి గడియ పెట్టి, గడియ మీద నమ్మకం లేక మందుల బల్లను ఈడ్చి తలుపుకు ఆనించింది. పిచ్చుక మంచం చివర కూర్చుంది. "మీరు ఆయనతో మాట్లాడుతున్నారు" అంది.

"ఎవరో తెలియక మాట్లాడాను."

"ఎవరికీ తెలియదు మేడం. అందరూ మాట్లాడతారు. బాగా మాట్లాడతాడుగా."

ఆమె ఫోన్ తీసింది. పిల్లల రక్షణ అధికారిణి నంబరు నివేదిక చివర అందరూ వదిలేసే పేజీలో ఉంటుంది, ఈమే అక్కడ అచ్చు వేయించింది. అవతల గొంతు తొణక్కుండా అడిగింది, పిల్ల మీ దగ్గరే ఉందా, అతను ఎక్కడున్నాడు, తలుపు తియ్యకండి, బయల్దేరుతున్నాం. ఫోను పెట్టగానే తలుపు మీద వేలి కణుపుల చప్పుడు. గట్టిగా కాదు. బంధువుల ఇంటికొచ్చినట్టు. "మేడం, అమ్మాయి భయపడుతుంది, తలుపు తియ్యండి." కాసేపు ఆగి మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. తర్వాత పెద్ద మేడం గొంతు. "ఏమిటిది, పైవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, నలుగురిలో నవ్వులపాలవుతాం, ముందు బయటికి రండి." ఆమె తలుపుకు నోరు దగ్గరగా పెట్టి, సమావేశానికి రావడం లేదని చెప్పండి, ఆ సున్నా అబద్ధం, బడి మారినవాళ్ళంతా ఎక్కడున్నారో తెలిసేదాకా నేను సంతకం పెట్టను అంది. తర్వాత పెద్ద మేడం, గొంతులోని పెద్దరికమంతా దిగిపోయి, "వాళ్ళ మంచికే చేశానండీ. పేరు బయటపడితే ఆ పిల్లలెలా బతుకుతారు" అన్నారు. అబద్ధం చెబుతున్న గొంతు కాదది, అదే ఆమెను భయపెట్టింది. ఆ తర్వాత, మరో దిక్కుకు, "మీరు కాస్త కింద కూర్చోండి" అన్నారు. "పర్వాలేదు మేడం, నేనిక్కడే ఉంటాను" అని మర్యాదగా జవాబు వచ్చింది. నర్సమ్మ పిల్లకు దుప్పటి కప్పింది. పిల్ల తలుపునే చూస్తూ పడుకుంది.

వ్యాను వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక డ్రైవరు. అధికారిణి నడివయసు మనిషి, మాటలు తక్కువ. పెద్ద మేడం గదిలో ఏం మాట్లాడిందో గానీ బయటికొచ్చేసరికి టైపు కొట్టిన కాగితం ఆవిడ చేతిలోనే ఉంది, సంతకం లేకుండా. అతను అడ్డుపడలేదు. వ్యానుకు దారివ్వడానికి తన బైకు తనే పక్కకు జరిపాడు, పిల్ల ఎక్కుతుంటే "జాగ్రత్తమ్మా" అన్నాడు. ప్రశ్నల మేడం ఉంటేనే వస్తానని పిచ్చుక మెట్టు మీద ఆగిపోతే ఆమె కూడా ఎక్కింది. వ్యాను గేటు దాటింది. వెనక అద్దంలో బైకు. దగ్గరకు రాదు, దూరం కాదు. బజారు దాటినా ఉంది, వంతెన దాటినా ఉంది, సంచిలో ఆమె ఫోను మోగి మోగి ఆగుతోంది, సమావేశంలో ఎవరో చేస్తుంటారు, మోగనీ అనుకుంది. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు అద్దం నిండా అతని హెల్మెట్. దీపం మారి మలుపు తిరిగాక మళ్ళీ చూస్తే రోడ్డు ఖాళీ. ఆమె ఊపిరి వదిలింది. హమ్మయ్య, పోయాడు అంది అధికారిణి పక్కనున్నావిడ.

"మేడం" అంది పిచ్చుక. "అక్క ఇంట్లో ఒక్కతే ఉంది."

అధికారిణి ఆ పిల్ల వైపు తిరిగింది.

"నిన్న అక్క నా పక్క తన గదిలోకి మార్పించింది. ఎందుకని ఆయన అడిగాడు. అక్క ఏమీ చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు."

అధికారిణి ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది. వ్యాను రోడ్డు మధ్యలోనే వెనక్కి తిరిగింది, ఎవరో తిట్టారు. దారి ఆ పిల్లే చెప్పింది, మందుల షాపు దాటాక ఎడమకు, నీళ్ళ ట్యాంకు దగ్గర కుడికి, ఇంకా ముందుకు, ఇంకా. గొంతు వణకలేదు. సందు మొదట్లో బైకు నిలబెట్టి ఉంది. మేడ మీది ఇల్లు, కింద మెట్లకు అడ్డంగా ఇనప కటకటాల తలుపు, లోపలివైపు తాళం. అతను రెండు చేతులతో ఆ కడ్డీలు పట్టుకుని పైకి చూస్తూ మెల్లగా పిలుస్తున్నాడు, బంగారం, తాళం తియ్యి, కింద ఎంతసేపు నిలబడను. చుట్టుపక్కల కిటికీల్లో ఒక్క తల లేదు. పైన కిటికీలో అక్క. జుట్టు విడిపోయి ఉంది, ముఖంలో ఏమీ తెలియడం లేదు. వ్యానును చూసింది, దిగుతున్న చెల్లెల్ని చూసింది. కిటికీ కడ్డీల మధ్యనుంచి చెయ్యి బయటపెట్టి ఏదో విసిరింది. అది అతని భుజం పక్కనుంచి పోయి రోడ్డు మీద గణగణమని దొర్లి ఆ పిల్ల కాళ్ళ దగ్గర ఆగింది. తాళంచెవి. పిచ్చుక వంగి తీసుకుంది. "ఇలా ఇవ్వమ్మా" అని అతను చెయ్యి చాపాడు, ఒక అడుగు ముందుకు వేశాడు. ముఖాన ఇంకా ఆ నవ్వే ఉంది, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి. ఆ పిల్ల తాళంచెవిని గుప్పెట్లో బిగించి అధికారిణి వెనక్కి జరిగింది, అక్కడినుంచే తలెత్తి, "అక్కా, నువ్వు కిందికి రాకు, మేమే పైకొస్తాం" అంది.